గీత పోయిన కాగితం

ఫోన్ చేసి అడిగేవాళ్లకు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల తయారీ కంపెనీలో నేను టైపిస్టుగా చేరాను. తర్వాత కంప్యూటర్ ఆపరేటర్‌నయ్యాను. చివరికి డాక్యుమెంట్ల గది చూసుకుంటూ రిటైరయ్యాను. ఆ గదిలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు: "మేడం, ఈ ఫైలు ఏ ఫార్మాట్‌లో పంపమంటారు?"

జవాబు నిమిషంలో చెప్పేస్తాను. రాసుకునే ఫార్మాట్ వేరు, పంపే ఫార్మాట్ వేరు. రాసుకునేది మనం మార్చుకోవడానికి వీలుగా ఉండాలి. పంపేది ఎవరూ మార్చలేనట్టుగా, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా కనబడేట్టుగా ఉండాలి. అంతే.

ఆ జవాబు నాకు తెలివి వల్ల రాలేదు. ఒక మనిషి కన్ను పోయాక వచ్చింది. కన్ను పోయాక నేను చేసిన పని, ఫైలు పంపడంలో చేసిన తప్పుకంటే పెద్దది. నేను ప్రార్థన చేసుకోకుండా ఏనాడూ ఆఫీసు కుర్చీలో కూర్చోలేదు. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. గొప్ప కోసం ఇది చెప్పడం లేదు. ఇవన్నీ చేస్తూనే ఆ పని చేశానని మీకు తెలియాలి.

జర్మనీ నోటీసు

ఎనభైల చివర నేను చేరినప్పుడు మా గదిలో రెండు టైపు మిషన్లు, కార్బన్ కాగితాలు ఉండేవి. నేను కొట్టిన కాగితమే కార్మికుడి చేతికి వెళ్లేది. నేను చూసిందే అతనూ చూసేవాడు. అందుకని అందులో దాపరికం ఏమీ ఉండేది కాదు. తప్పు పడితే అది కూడా అతనికి కనబడేది.

తొంభైల మధ్యలో కంప్యూటర్లు వచ్చాయి. తెలుగులో నోటీసు కొట్టడం నేర్చుకుని మురిసిపోయిన రోజుల్లో, హెల్మెట్ లేనిదే లోపలికి రానివ్వబోమని ఒక నోటీసు తయారుచేశాను. ఫైలును ఫ్లాపీలో, కార్మికుల హాజరు చూసే టైమ్ ఆఫీసుకు పంపాను. వాళ్ల కంప్యూటర్‌లో నా తెలుగు ఫాంటు లేదు. అక్కడి గుమాస్తా ప్రింటు తీసి, ఏమొచ్చిందో చూడకుండానే బోర్డుకు అంటించేశాడు. నెత్తిన చుక్కలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు పేజీ నిండా ఉన్నాయి.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కార్మికులు నన్ను చుట్టుకున్నారు.

"మేడం, మన కంపెనీని జర్మనీవోళ్లు కొన్నరా ఏంది?"

"కొనలేదురా. బోనస్ ముచ్చట రాసిన్రు. మనకు సమజ్ గావద్దని గట్ల రాసిన్రు." ఇంకొకతను అందుకున్నాడు.

నేను కూడా నవ్వాను. ఆ నవ్వుతోనే సంగతి వదిలేశాను. నా తెర మీద కనబడేది అవతలి తెర మీద కనబడదని ఆ రోజే నాకు తెలిసింది. తెలిసీ దాన్ని తమాషాగా తీసుకున్నాను. నా తప్పులన్నిటికీ మొదలు అక్కడుంది.

కొట్టివేత

మా పనిలో ఒక ఆచారం ఉంది. రిజిస్టర్‌లో ఏదైనా తప్పు రాస్తే దాన్ని చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. ఒకే గీతతో కొట్టేయాలి. పాత మాట చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైన మాట రాసి సంతకం పెట్టాలి. ఏది మారిందో, ఎవరు మార్చారో తనిఖీకి వచ్చినవాళ్లకు తెలియాలని ఈ పద్ధతి.

మా మేనేజర్ నారాయణరావు గారికి ఈ ఆచారం అంటే ప్రాణం. కోస్తా మనిషి, మాట మెత్తన, పని గట్టి. కంప్యూటర్ వచ్చాక కూడా ఆయన అదే అన్నారు: "అమ్మా, మార్చిన లైను తీసేయకండి. గీత కొట్టి, కిందనే కొత్తది రాయండి. పాత మాట కనబడాలి." కంప్యూటర్‌లో అక్షరాల మధ్య నుంచి గీత కొట్టే సదుపాయం ఉందని తెలిసి నేను సంతోషించాను. రిజిస్టర్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెర మీదికి తెచ్చేశాను. పొరుగు కంపెనీలో ఎవరూ అలా చేసేవారు కారు. మేం మాత్రం చేసేవాళ్లం, గర్వంగా చేసేవాళ్లం.

మందు ఉడికించే పెద్ద స్టీలు పాత్రను రియాక్టర్ అంటారు. పని అయ్యాక దాన్ని, ఒంటి మీద పడితే కాల్చేసే కాస్టిక్ ద్రావణంతో కడుగుతారు. ఆ ద్రావణాన్ని వేడిగా ఉండగానే కింది వాల్వ్ గుండా వదలాలని మా పాత విధానం కాగితంలో ఇంగ్లీషులో ఉండేది. ఒకసారి గొట్టం జారి అందరూ హడలిపోయారు. అప్పుడు దాన్ని మార్చాం. పాత్ర చుట్టూ చన్నీళ్లు తిప్పి, పూర్తిగా చల్లార్చాకే వదలాలి. నేను పాత లైను మీద గీత కొట్టాను. దాని కింద కొత్త లైను రాశాను. ప్రింటు తీసి నారాయణరావు గారి సంతకం తీసుకున్నాను.

ఇస్నాపూర్ దాటాక హైవే మీద మాకు రెండో యూనిట్ ఉండేది. అక్కడిది పాత కంప్యూటర్. మా కొత్త ఫైళ్లు దానికి ఎక్కేవి కావు. అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు: "మేడం, మీరు పంపిందాంట్ల అన్నీ డబ్బాలు డబ్బాలే వస్తున్నయ్. జెర జల్దీ ఏమన్న చెయ్యున్రి."

ఏ కంప్యూటర్ అయినా చదవగలిగేది వట్టి టెక్స్ట్ ఫైలు. అందులో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. అలా సేవ్ చేయబోతే తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఫార్మాట్‌లో కొన్ని అలంకరణలు పోవచ్చు, ఫరవాలేదా అని. అలంకరణ అంటే నాకు లావు అక్షరాలు, అంచులు, శీర్షిక కింద గీత. పోతే పోనీ అనుకున్నాను. "యెస్" నొక్కాను.

అక్షరాల మధ్య గీత కూడా అలంకరణే. అది పోయింది. రద్దయిన లైను మళ్లీ బతికి, కొత్త లైనుకు పైన కూర్చుంది.

ఇక్కడ పిల్లలకు చెప్పవలసింది చెప్పి ముందుకు పోతాను. రంగుతో, గీతతో, లావుతో అర్థాన్ని చెప్పకండి. రద్దయిందంటే "ఇది రద్దయింది" అని మాటల్లో రాయండి. ఏ ఫార్మాట్‌లోకి మార్చినా మాటలు మిగులుతాయి. ఇంకా మంచిది, పని చేసేవాడి కాగితంలో పాత లైను అసలే ఉండకూడదు. మార్పుల చరిత్ర తనిఖీవాళ్లకు కావాలి, వాల్వ్ దగ్గర నిలబడేవాడికి ఎందుకు? ఫైలును టెక్స్ట్‌గా మార్చక తప్పకపోతే, మార్చాక దాన్నే మళ్లీ తెరిచి, ప్రింటు తీసి, అసలు పక్కన పెట్టుకుని లైను లైనుకూ పోల్చండి. పంపినవాళ్ల పని బటన్ నొక్కడంతో అయిపోదు. అవతలివాడు చదివింది మీరు రాసిందేనని తెలిసేదాకా ఉంటుంది. నాకు అలా పోల్చి చూడడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు నేను ఇవ్వలేదు.

దానయ్య

రెండో యూనిట్‌లో ఆ రోజు రియాక్టర్ దగ్గర ఉన్నది దానయ్య. చిట్కుల్‌లో ఒక గది కిరాయికి తీసుకుని భార్య రూతమ్మతో, కూతురితో ఉండేవాడు. ఇస్నాపూర్‌లో రేకుల షెడ్డులో కూడుకునే మా క్రైస్తవ సంఘంలో సభ్యుడు. పదో తరగతి చదివాడు. ఆరాధనలో వాక్యం చదవమంటే ఒక్కో లైను కింద వేలు పెట్టుకుని తప్పు లేకుండా చదివేవాడు. ఫ్యాక్టరీలో కూడా అంతే. తోటివాళ్లు సూపర్‌వైజర్ నోటి మాట మీద పనిచేస్తే, దానయ్య ఇంగ్లీషు కాగితాన్ని కూడబలుక్కుని చదివేవాడు.

ఆ కాగితం చదివి అతను సూపర్‌వైజర్‌ను అడిగాడు: "సార్, మీది లైన్ల వేడిగ ఇడ్వుమంటున్నది, కింది లైన్ల సల్లార్చుమంటున్నది. ఏది చెయ్యాలె?"

ఆయన వేరే పని మీద ఉన్నాడు. "ముందు ఏది రాసుంటే అది ముందు చెయ్యి. వరుసగనే రాస్తరు గదా!"

దానయ్య పై లైను ముందు చేశాడు. గొట్టం జారింది. వేడి కాస్టిక్ మెడ మీద, కుడి చెంప మీద, కుడి కంట్లో పడింది. నీళ్లతో కడిగే చోటికి నడిపించుకుపోయేసరికే ఆ కంటికి జరగాల్సింది జరిగిపోయింది. రియాక్టర్ దగ్గర వేలాడదీసిన కాగితం కాస్టిక్‌లో నాని, నేల కడిగిన నీళ్లతో కాలువలోకి పోయింది.

"ఇదే సార్"

విచారణకు అసలు కాగితం తెమ్మన్నారు. బయలుదేరే ముందు, ఎందుకో, రెండో యూనిట్ నుంచి తిరిగొచ్చిన ఫ్లాపీని తెరిచి చూశాను. వాళ్లు ప్రింటు తీసుకుని ఫ్లాపీ మాకు పంపేసేవారు, తమ దగ్గర ఫైలు ఉంచుకునేవారు కారు. తెర మీద రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. గీత లేదు. ఫ్లాపీని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, గీత ఉన్న ప్రింటును ఫైలులో పెట్టుకుని వెళ్లాను.

దానయ్య కంటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. సేఫ్టీ ఆఫీసర్ ప్రింటును అతని ముందు పెట్టాడు.

"ఏమయ్యా, ఇంత స్పష్టంగా కొట్టేసి ఉంది. కొట్టేసిన లైను ఎందుకు చేశావు?"

దానయ్య కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "గా కాగితం గిది గాదు సార్. దాంట్ల గీత లేదు."

నారాయణరావు గారు నా వైపు తిరిగారు. "అమ్మా, మీరు పంపింది ఇదేనా?"

"ఇదే సార్."

రెండు మాటలు. ఫైలు ఒకటే, ఫార్మాటే వేరు, కాబట్టి ఇది అబద్ధం కాదని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం మనిషికి ఎంత తెలివినిస్తుందో ఆ రోజు చూశాను.

దానయ్య తన ఒక్క కంటితో నన్ను చూశాడు. కోపం లేదు. నేను సంఘంలో పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, అబద్ధం చెప్పనని అతని నమ్మకం. సేఫ్టీ ఆఫీసర్‌తో అన్నాడు: "అక్క సెప్పిందంటే గంతే ఉంటది సార్. నాకే సక్కగ కనబడలేదేమో."

కార్మికుడి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం అని నోటీసు వచ్చింది. గేటు లోపల షిఫ్టు మారే చోట దాన్ని బిగ్గరగా చదివారు. దానయ్యను పనిలోంచి తీసేశారు. ఆ రోజు తాగి వచ్చాడని ఎవరో అన్నారు. ఆ మాట సంఘం దాకా వచ్చింది. వాక్యం చదవమని అతన్ని పిలవడం మానేశారు.

రూతమ్మ అడిగింది

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక రూతమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"అక్కా, నువ్వు ఆఫీసుల ఉంటవు గదా. గా కాగితం ఒక్కపారి తెచ్చి ఆయనకు సూపియ్యరాదు?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"దినాం గదే ముచ్చటక్కా. గీత ఉండెనా, లేకుండెనా అని. బువ్వ తినుకుంట గూడ పళ్లెంల వేలితోని గీతలు గీస్తడు. నా కన్ను పోవుడు గాదే, అంతకుముందే నా మతి పోయిందేమో అంటడు. జెర సూపియ్యక్కా, నిమ్మళమైతడు."

"ఆఫీసు కాగితాలు బయటికి తేవొద్దమ్మా" అన్నాను.

నిజమే, ఆ నియమం ఉంది. కొన్నాళ్ల క్రితం నేనే దాన్ని టైపు చేశాను. ఆ మాటతో రూతమ్మ తల ఊపి వెళ్లిపోయింది. నేను లోపలికి వెళ్లి పిల్లలకు, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను వల్లె వేయించాను. ఆ వారం పాఠం అదే. నేను ఎంచుకున్నది కాదు. వరుసలో వచ్చింది.

నిద్ర పట్టేది కాదు, ప్రార్థన నడిచేది కాదు. ఉపవాసం ఉన్నాను. దేవుని దగ్గర ఒప్పుకున్నాను. అయినా బరువు తగ్గలేదు. అప్పుడు ఒక ఆదివారం, ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ సంఘం ముందు లేచి నిలబడ్డాను. "పని చేసే చోట నేను ఒక పాపం చేశాను. నా వల్ల ఒకరికి నష్టం జరిగింది. ప్రభువు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను" అని ఏడ్చాను. అందరూ ఆమెన్ అన్నారు. స్తోత్రాలు పలికారు. నా ఒప్పుకోలులో కన్నీళ్లున్నాయి, పశ్చాత్తాపం ఉంది, ప్రభువు పేరు ఉంది. దానయ్య పేరు లేదు.

బయటికి వచ్చేసరికి దానయ్య నా చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏడ్వకక్కా" అన్నాడు. "దేవుడు క్షమించిండంటే క్షమించినట్టే. ఆ మనిషి గూడ క్షమిస్తడు తీ."

నేను సిగ్గుతో బతికిన రోజులు చాలా ఉన్నాయి. అన్నిటిలోకి ఆ రోజు వేరు.

ఎస్టీడీ బూత్‌లో

అప్పటికి దానయ్య ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక ఎస్టీడీ బూత్ చూసుకుంటున్నాడు. ఆ బుధవారం ఫ్లాపీలో ఉన్న ఫైలును ప్రింటు తీసుకుని అక్కడికి వెళ్లాను. బూత్‌లో ఎవరూ లేరు. కాగితం ఇచ్చాను. ఇదే మీ యూనిట్‌కు నేను పంపింది, గీత పోయింది, నాకు విచారణ రోజునే తెలుసు అని చెప్పాను. ఏ మాటా దాచలేదు.

అతను కాగితాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. వేలు పెట్టి ఆ రెండు లైన్లూ చదివాడు. మళ్లీ చదివాడు. రూతమ్మ పక్క కొట్టులో ఉంటే పిలిచి ఆమె చేతికి ఇచ్చాడు.

"సూడవే. గీత ఉన్నదా?"

"నాకు ఇంగ్లీష్ రాదు గదా."

"ఇంగ్లీష్ ఎందుకే, గీత సూడు. ఉన్నదా?"

"లేదు."

"లేదు గదా! నేను సదివింది కరెక్టే." అతని ముఖంలో సంతోషం కనబడింది. అది చూసి నేను తల దించుకున్నాను. అతనికి నా మీద కోపం రావడానికి ఇంకా కాసేపు పట్టింది. ఆ సంతోషం తగ్గాక వచ్చింది.

"మొన్న సంఘంల ఏడ్చింది గీ ముచ్చటకేనా?"

"అవును."

"మరి నా పేరెందుకు చెప్పలేదక్కా?"

నేను రూతమ్మ వైపు చూశాను.

"సంఘంల ఏడ్చుడు అల్కగుంటది. ఆడ అందరు మనోళ్లే. నన్ను పనికిమాలినోడని గేటు కాడ సదివిన్రు. గేటు కాడ చెప్పు. గంతవరకు నాతోని మాట్లాడకు."

రూతమ్మ నన్ను చూడనైనా చూడలేదు.

గేటు దగ్గర

వెంటనే చెప్పానని రాయాలని ఉంది. నాలుగు నెలలు పట్టింది. రోజూ ఇవాళ చెబుతానని బయలుదేరి, సాయంత్రానికి రేపు అనుకునేదాన్ని. చివరికి అంతా కాగితం మీద రాసి, ఫ్లాపీ జతచేసి నారాయణరావు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చివరిదాకా చదివి కాగితాన్ని బల్ల మీద పెట్టారు. "రిపోర్టు పైకి వెళ్లిపోయిందమ్మా. ఇప్పుడెందుకు ఇది?"

"అతని పేరు బాగుపడాలి సార్."

"మీ పేరు పాడవుతుంది. గీత కొట్టమన్నది నేను. నా పేరూ పాడవుతుంది."

"అవును సార్."

ఆయన ఆ కాగితాన్ని సొరుగులో పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. తిట్టుకుంటూనే పైవాళ్లకు పంపారు. ఆయన గురించి ఇతర విషయాల్లో నాకు ఫిర్యాదులున్నాయి, ఈ విషయంలో లేదు. కొన్ని వారాలకు మెమో వచ్చింది. ప్రమాదానికి కార్మికుడి నిర్లక్ష్యం కారణం కాదు, అతనికి అందిన కాగితంలోనే లోపం ఉంది, ఆ సంగతిని డాక్యుమెంట్ల గది దాచిపెట్టింది అని. నన్ను ఆ గదిలోంచి తీసి స్టోర్స్‌కు పంపారు. మళ్లీ ఆ గదికి రావడానికి చాలా కాలం పట్టింది. అది న్యాయమే. దానయ్యను మాత్రం తిరిగి తీసుకోలేదు. ఒక కన్నుతో రియాక్టర్ దగ్గర పనికి రాడన్నారు.

మెమోను బోర్డుకు అంటిస్తే చాలన్నారు. చాలదని, మొదటి నోటీసు చదివిన చోటే దీన్నీ చదవాలని, నేనే చదువుతానని పట్టుబట్టాను. రెండో యూనిట్‌లో మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు రమ్మన్నారు. రూతమ్మకు కబురు పంపాను.

దానయ్య వచ్చాడు. కానీ అతనిప్పుడు కంపెనీ మనిషి కాడు. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. నేను బతిమాలాను. "నాకు ఆర్డర్ లేదు మేడం, నా నౌకరి పోతది" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత నాకు లేకపోయింది. దానయ్య గేటు ఊచల అవతల, హైవే పక్కన నిలబడ్డాడు.

దిగే షిఫ్టు, ఎక్కే షిఫ్టు గుంపుగా నిలబడ్డాయి. నేను ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత తెలుగులో చెప్పాను. డాక్యుమెంట్ల గది అని మెమోలో ఉన్న చోట నా పేరు చెప్పాను. విచారణలో "ఇదే సార్" అన్నది నేనేనని చెప్పాను. వెనక నుంచి ఒకతను "థూ" అన్నాడు. ఇంకొకతను గేటు వైపు తిరిగి, "దానన్నా, విన్నవా? నీ తప్పు లేదంట!" అని కేకేశాడు. చాలామంది ఊచల దగ్గరికి పరుగెత్తి అతని చేతులు పట్టుకున్నారు. తర్వాత సైరన్ మోగింది. వాళ్లు లోపలికి పోయారు.

నేను మెమో పట్టుకుని బయటికి వచ్చాను. దానయ్య అక్కడే ఉన్నాడు. క్షమించానని అంటాడేమోనని ఒక పక్క ఆశ ఉంది, దాచను. అతను ఆ మాట అనలేదు. ఈ రోజు వరకూ అనలేదు, నేను అడగలేదు.

"లారీల సప్పుడుకు సగం ఇనబడలే" అన్నాడు. "ఇంకోపారి సదువక్కా."

నేను అతనికి ఎడమ పక్కకు జరిగి, అతనికి కాగితం కనబడేట్టు పట్టుకుని, ఒక్కో లైను కింద వేలు పెట్టి మొదటి నుంచి చదివాను.